తాళం ఎవరి దగ్గరుంది? ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మ్యూటెక్స్ సంగతి

ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కొని ఒక్క ఎల్ఈడీ వెలిగించినా సరే, మీరు ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేసినట్టే, ఎందుకంటే ఆర్డుయినో కోడ్ కింద నడిచేది అదే, కాకపోతే రెండు కోర్లకు సరిపడేలా ఆ చిప్ తయారుచేసే ఎస్ప్రెసిఫ్ వాళ్లు కాస్త మార్చుకున్నారు. 2003లో రిచర్డ్ బారీ మొదలుపెట్టాడు, 2017 నుంచి అమెజాన్ చూసుకుంటోంది. లైసెన్స్ ఎంఐటీ, అంటే మీ ప్రొడక్ట్‌లో పెట్టి అమ్ముకున్నా రూపాయి కట్టక్కర్లేదు.

రియల్ టైమ్ అనగానే చాలామంది స్పీడ్ అనుకుంటారు గానీ, 5 మిల్లీసెకన్లలోపు అవ్వాల్సిన పని ప్రతిసారీ ఆలోపే అవ్వడం ముఖ్యం. అందుకే ప్రతి టాస్క్‌కీ, అంటే విడిగా నడిచే ప్రతి పనికీ, ఒక ప్రయారిటీ. ప్రయారిటీలో పెద్ద టాస్క్ రెడీ అయితే చిన్నది ఎక్కడున్నా ఆగి దారివ్వాలి.

(తెర మీద: చిన్న, మధ్య, పెద్ద అని మూడు గీతలు)

ఇప్పుడు చూడండి. చిన్న టాస్క్ ఐ2సీ బస్ (సెన్సర్లు, చిప్‌లు మాట్లాడుకునే తీగలు) లాక్ తీసుకుంది, అంటే ఒకసారికి ఒక్కరే వాడుకునేలా వేసే తాళం, దీన్నే మ్యూటెక్స్ అంటారు. పెద్దది అదే లాక్ కోసం ఆగింది. ఇంతలో ఆ లాక్‌తో ఏ సంబంధమూ లేని మధ్య టాస్క్ లేచి, చిన్నదాన్ని పక్కకు నెట్టి తన పని చేసుకుంటూ కూర్చుంది, దాంతో పెద్దది కూడా దిక్కులు చూస్తూ ఉండిపోయింది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. 1997లో నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద మాటిమాటికీ రీసెట్ అయింది ఇందువల్లే! అందులో ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అనే మరో రియల్ టైమ్ ఓఎస్, అది ఓపెన్ సోర్స్ కాదు, కానీ జబ్బు ఒకటే. నాసా ల్యాబ్ జేపీఎల్ ఇంజనీర్లు భూమ్మీద నుంచే ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ ఆన్ చేశారు: లాక్ వదిలేదాకా చిన్న టాస్క్‌కి పెద్దదాని ప్రయారిటీ దక్కుతుంది, కాబట్టి మధ్యలో ఎవరూ దూరలేరు.

(తెర మీద: రెండు లైన్ల కోడ్)

ఫ్రీఆర్‌టీఓఎస్‌లో లాక్ తయారుచేయడానికి ఎక్స్‌సెమాఫోర్‌క్రియేట్‌మ్యూటెక్స్ అనే ఫంక్షన్ వాడితే ఇది ఊరికే వస్తుంది. ఎక్స్‌సెమాఫోర్‌క్రియేట్‌బైనరీ వాడితే రాదు. లాక్ తీసుకునే టేక్, వదిలే గివ్ ఫంక్షన్లు రెండింటికీ ఒకటే కావడంతో కోడ్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది, టెస్టింగ్‌లో కూడా పనిచేస్తుంది, టెన్షన్ అంతా తర్వాతే. బైనరీది ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే అత్యవసర పిలుపు) నుంచి టాస్క్‌ని లేపడానికి. మ్యూటెక్స్‌ని ఇంటరప్ట్‌లో అస్సలు ముట్టుకోకండి. నమ్మకం కుదరకపోతే టాస్క్స్ డాట్ సీ ఫైల్ తెరిచి ఎక్స్‌టాస్క్‌ప్రయారిటీఇన్హెరిట్ అనే ఫంక్షన్ చదవండి, సోర్స్ మన ముందే ఉందిగా.

లినక్స్ ఫౌండేషన్ వాళ్ల రియల్ టైమ్ ఓఎస్ జెఫిర్‌కి మారుతున్నారా? అక్కడి మ్యూటెక్స్‌లోనూ ఇన్హెరిటెన్స్ ఉంది, బాగుంది. కానీ నంబర్లు తిరగబడతాయి, చిన్న నంబరే పెద్ద ప్రయారిటీ, కాబట్టి పాత కోడ్‌లోవి అలాగే కాపీ కొట్టారనుకోండి, మోటార్ కంట్రోల్ ఆగి లాగ్ ప్రింటింగ్ ముందు నడుస్తుంది.