వానలో తడవని సర్వే షీట్

నమస్తే అండీ. సివిల్ థర్డ్ ఇయర్ చదివే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఇంటర్న్‌షిప్ అంటే సంబరపడి వెళ్లాను. తీరా చూస్తే జంక్షన్‌లో నిలబెట్టి బండ్లు లెక్కపెట్టమంటున్నారు. దీనికేనా బీటెక్?" అని.

దీనికే తమ్ముడూ. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

ఆ పని చూడనివాళ్ల కోసం చెప్తాను. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, 16 గంటల కౌంట్. చేతిలో అట్ట, దానికి క్లిప్ పెట్టిన షీట్. బైకు, ఆటో, కారు, బస్సు, లారీ, ట్రాక్టరు, సైకిలు, ఒక్కోదానికి ఒక్కో గడి. బండి వెళ్తే ఒక గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. ప్రతి 15 నిమిషాలకు కొత్త వరస. ఇప్పుడు చాలాచోట్ల కెమెరా పెట్టి వీడియో తీస్తున్నారు కానీ, ఆ వీడియో ముందు కూర్చుని లెక్కపెట్టేదీ ఎక్కువగా ఇంటర్నే.

ఆ గీతల్ని తర్వాత పీసీయూల్లోకి, అంటే ప్యాసింజర్ కార్ యూనిట్లలోకి మారుస్తారు. కారు 1 అనుకుంటే, రోడ్డు మీద అది ఆక్రమించే చోటును బట్టి మిగతా బండ్లు ఎంత అని. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నగర రోడ్లకు 1990లో ఇచ్చిన పట్టికలో బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7, ట్రాక్టరు ట్రాలీ ఏకంగా 4 నుంచి 5. ట్రాలీ వెనక ఇరుక్కున్నవాళ్లెవరూ ఈ లెక్క తప్పనరు. నాకు నచ్చనిది మాత్రం ఒకటుంది. 60 మందిని మోసే బస్సు ఈ పట్టికలో మూడు కార్ల అడ్డంకిలా కనిపిస్తుంది. ఇందులో ఇనుముకే లెక్క, మనుషులకు లేదు. అందుకే బండిలో ఎంతమంది ఉన్నారో చూసే ఆక్యుపెన్సీ సర్వే వేరుగా చేస్తారు. దానికి పంపిస్తే తప్పించుకోకండి.

సరే, ఈ అంకెలు ఎక్కడికి పోతాయి? కాంప్రెహెన్సివ్ మొబిలిటీ ప్లాన్‌లోకి, అంటే నగరం మొత్తం రాకపోకలకు ముందుచూపుతో వేసే ప్లాన్‌లోకి. అందరూ సీఎంపీ అంటారు. 2017 మెట్రో రైల్ పాలసీ ప్రకారం ఆ ప్లాన్ లేని నగరం మెట్రోకి కేంద్రాన్ని సాయం అడగలేదు. ఊరిని జోన్లుగా విడగొట్టి నాలుగు విషయాలు చూస్తారు. ఏ జోన్‌లో ఎన్ని ట్రిప్పులు పుడతాయి, అవి ఎటు పోతాయి, బస్సా బైకా, చివరికి ఏ రోడ్డు మీద పడతాయి. ఈ నాలుగూ అంచనా కట్టే లెక్కనే మోడల్ అంటారు. జంక్షన్‌లో మనం గీసిన గీతలతో ఆ మోడల్ సరిగ్గా ఉందో లేదో సరిచూస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జోన్‌లో జనం ఎంతమందో తెలియాలి కదా. మన చేతిలో ఉన్న జనగణన 2011ది. 2021లో జరగాల్సింది వాయిదా పడి 2027కి చేరింది. హైదరాబాద్ శివార్లలోని తెల్లాపూర్, కొల్లూరు 2011లో ఎలా ఉండేవో, ఇప్పుడెంత మారాయో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ పాత అంకెల మీద అంచనాలు కట్టి 20, 30 ఏళ్ల తర్వాతి రోడ్లు గీయాలి. అందుకే ఇంటింటి సర్వే మీద అంత బరువు పడుతుంది. ఆ సర్వేకి తలుపు తట్టేది మీరే.

నా మొదటి రోజు చెప్తాను. షాద్‌నగర్ దగ్గర ఒక ఇల్లు. నిన్న మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లారు అని అడగాలి. ఇంటాయన ట్రిప్పులు గబగబా రాసేశాను. ఆయన భార్యని "మరి మీరక్కా?" అంటే, "నేనెక్కడ పోత బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. నేనూ బుద్ధిగా సున్నా వేసుకుని వచ్చేశాను.

సాయంత్రం సూపర్‌వైజర్ సార్ షీట్ చూసి, "ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారని నువ్వే రాశావు. బడికి వాళ్లంతట వాళ్లే ఎగిరిపోతున్నారా?" అన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి "పిల్లల్ని బడికాడ ఎవరు దింపుతరు అక్కా, కూరగాయలు ఎవరు తెస్తరు?" అని అడిగాను. బడికి రెండు రాకలు, రెండు పోకలు, మార్కెట్‌కి ఒకటి, రావడం ఇంకొకటి. మొత్తం ఆరు ట్రిప్పులు, అన్నీ నడకే. ఆఫీసుకెళ్లే ఆయనవి రెండు. సున్నా అనుకున్న మనిషి ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిరుగుతోంది. నా షీట్ అలాగే పోయుంటే, ఆ వీధికి ఫుట్‌పాత్ అవసరమే లేదని మోడల్ చెప్పేది.

ఇంకో మాట. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. అంతకుముందు ఆడవాళ్ల ప్రయాణాల మీద తీసిన డేటాని ఇప్పుడు కళ్లుమూసుకుని వాడితే అంతే సంగతులు. ప్రాజెక్ట్ టాపిక్ కోసం వెతుక్కునేవాళ్లకి ఇది మంచి గని.

ఎక్కడ అడగాలంటారా? సీఎంపీలు చేసే కన్సల్టెన్సీలకు సర్వే సీజన్‌లో మనుషులు ఎప్పుడూ కావాలి. వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ విభాగం ఉంది, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ ఉంది, అక్కడి ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ పెట్టండి. డిగ్రీ అయిపోయిన కొత్తవాళ్ల కోసం కేంద్రం 2020 జూన్‌లో తులిప్ అని పెట్టింది, మున్సిపాలిటీల్లో, స్మార్ట్ సిటీల్లో ఇంటర్న్‌షిప్ కోసం. స్టైపెండ్ మీద పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. నాకిచ్చింది టీలకీ బస్సు ఛార్జీలకీ సరిపోయింది.

పని దొరికాక ఒక్కటి మాత్రం చేయకండి. మా బ్యాచ్‌లో ఇద్దరు మధ్యాహ్నం దాకా నిలబడి, తర్వాత టీ కొట్లో కూర్చుని మిగతా షీట్ నింపేశారు. అంకెలు మరీ అడ్డదిడ్డంగా కూడా వేయలేదు, పొద్దుటివి చూసి అటూ ఇటూగా వేశారు. నాది వాళ్లకి కిలోమీటరు దూరంలోని జంక్షన్. ఆ సాయంత్రం ఐదుంపావుకి కుండపోత. నా షీట్‌లో బైకులు 412 నుంచి 96కి పడిపోయాయి. గంట తర్వాత 530. పక్కన రిమార్క్స్ గడిలో "వాన" అని రాశాను, కాగితం తడిసి ఇంకు పాకింది కూడా. వాళ్ల షీట్‌లో 405, 410, 408.

సార్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మెల్లగా, "మీ జంక్షన్‌లో బైకులోళ్లందరూ గొడుగులు వేసుకుని పోయారా నాయనా?" అన్నారు.

తర్వాతి మంగళవారం పొద్దున 6కి ఆ ఇద్దరూ మళ్లీ అదే జంక్షన్‌లో ఉన్నారు. ఈసారి రెయిన్‌కోట్లు తెచ్చుకున్నారు. ఆ రోజు చుక్క వాన లేదు.