చేతులు మారని పుస్తకానికి వెల ఎంత?

పెద్దలకు, మిత్రులకు, ఉద్యోగ పరీక్షల చదువు కాసేపు పక్కన పెట్టి రీడింగ్ రూమ్ నుంచి లేచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

మా నాన్న దాచిన పుస్తకం ఒకటి తెచ్చాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. మొదటి పేజీలో నాలుగు సంతకాలున్నాయి. నీలి సిరాతో ఉన్నది నాన్నది. దాని కింద ఆయనతో పనిచేసిన లెక్కల మాస్టారిది. పెన్సిల్‌తో రాసింది మా మేనత్త, పక్కనే నూనె మరక. నాలుగోది ఎవరిదో తెలియదు, కింద జడ్చర్ల అని మాత్రం ఉంది. డబ్బు పెట్టి కొన్నది నాన్న ఒక్కరే, అదీ ఒక్కసారే.

పోయిన ఏడాది నేను ఒక నవలను ఫోనులో కొన్నాను. అచ్చు ప్రతి 250 రూపాయలు, ఈ-పుస్తకం 220. చదివి బాగుందంటే చెల్లెలు అడిగింది. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను కట్టిన డబ్బుకు దక్కింది చదువుకునే అనుమతి మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు, పాఠకులు కొనుక్కున్న పుస్తకాలు కూడా తెరుచుకోకుండా పోయాయి. డబ్బు తిరిగి ఇచ్చారు, నిజమే. కానీ సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలతో 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచికను ఈ పాలమూరు జిల్లా ఇంకా తలుచుకుంటున్నదంటే, ఆ ప్రతులు ఎవరి బీరువాల్లోనో మిగిలి ఉండబట్టే కదా!

కాగితం లేదు, అచ్చుకూలి లేదు, పార్శిల్ ఖర్చు లేదు, మరి 220 ఎందుకని పాఠకుడు అడుగుతాడు. ప్రచురణకర్త కష్టం కూడా చూడాలి. మన పుస్తకాలు చాలావరకు అచ్చు కోసం వాడే పాత అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. వాటిని ఫోన్లలో చదవడానికి వీలయ్యే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి, మళ్లీ మొదటి నుంచి ప్రూఫులు దిద్దాలి. ఆ శ్రమకు కూలి ఇవ్వాల్సిందే. పైగా అమ్ముకునే చోటు కూడా చిన్నది. 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్ల ఈ-పుస్తకాల అంగడి కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి. తెలుగుకు అందులో చోటు దొరకలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే పిల్లలకు గట్టిగా చెబుతున్నాను: 500 ప్రతులు వేసి అమ్ముకోలేక ఇంట్లో పేర్చుకున్న రచయిత పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంచకండి.

అమెరికాలో ఈ ధర గురించే పెద్ద తగవు నడిచింది. అమెజాన్ 2007 నుంచి కొత్త పుస్తకాలను 9.99 డాలర్లకు, చాలావాటిని నష్టానికే అమ్మింది. 2010లో ఐదు పెద్ద ప్రచురణ సంస్థలు ఆపిల్‌తో కలిసి ధర పెట్టే అధికారం తమ చేతుల్లోకి తీసుకున్నాయి. ధరలు 12.99కి, 14.99కి ఎక్కాయి. 2012లో అక్కడి ప్రభుత్వం వాళ్లపై దావా వేసింది, మరుసటి ఏడాది ధరలు పెంచే కుట్రలో ఆపిల్ భాగస్వామి అని కోర్టు తేల్చింది. ధర ఎవరు నిర్ణయించాలన్న పోరాటమే అదంతా. కొన్న పుస్తకాన్ని పాఠకుడు చెల్లెలికి ఇచ్చుకోవచ్చా అన్న ప్రశ్నను ఆ రెండు పక్షాల్లో ఎవరూ పట్టించుకోలేదు.

నేను అడిగేది అదే. చేతులు మారే హక్కు తీసేస్తే, ఆ హక్కు విలువ కూడా ధరలోంచి తీసేయాలి. సగానికి ఇవ్వండి. లేదంటే ఇంకొకరికి ఇచ్చుకోవడానికి వీలుగా తాళం వేయని ఫైలు ఇవ్వండి, పూర్తి ధర సంతోషంగా కడతాం. ప్రభుత్వం కూడా ఆలోచించాలి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకానికి మొదట 18 శాతం వేశారు, 2018లో అచ్చు ప్రతి ఉన్నవాటికి మాత్రమే 5కి తగ్గించారు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఆ డబ్బుతో ఈ గ్రంథాలయం తెలుగు ఈ-పుస్తకాలు కొని, సభ్యులకు వారం రోజులకు అరువిస్తే ప్రచురణకర్తకూ నమ్మకమైన కొనుగోలుదారు దొరుకుతాడు.

చెల్లెలికి చివరికి అచ్చు ప్రతే కొనిచ్చాను. ఇప్పుడది నారాయణపేటలో వాళ్ల పక్కింట్లో ఉందట.