మార్కుల కాగితం గోడకు అంటించండి

నల్లగొండలో జాతీయ క్రీడా దినోత్సవం నాడు ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం

సభలో ఉన్న అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మూడోసారి చదవను, ఏమీ అనుకోకండి. వెనక వరుసల్లో పిల్లలు ఎండలో కూర్చున్నారు. తమ్ముళ్ళూ, వాళ్ళను టెంటు కిందికి జరపండి. ఇదిగో, ఇక్కడ వేదిక ముందు కింద కూర్చుంటారు, చోటుంది.

ఇవాళ ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు. నన్ను 'ఆటలు, ఆరోగ్యం' మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున గేటు దగ్గర ఒక తల్లి నన్ను ఆపింది. వాళ్ళ పిల్ల ఆ మధ్య ఏదో కోలాటం పోటీలో ఆడిందట, జట్టుకు ఏమీ రాలేదట. "మేడం, మా పిల్లలకు ఎన్ని మార్కులొచ్చినయో ఎవల్నడగాలె?" అంది. ముప్పై ఏళ్ళు పీఈటీగా చేసిన దాన్ని, ఏ బల్ల దగ్గరికి పోయి అడగాలో ఆమెకు చెప్పలేకపోయాను. అందుకని ఈ కాగితం మడిచి పెట్టేస్తున్నాను. ఆరోగ్యం గురించి ఇంకొకరు చెప్తారు. నేను మార్కుల గురించి చెప్తాను.

పరుగు పందెంలో గడియారం చెప్తుంది. లాంగ్‌జంప్‌లో టేపు చెప్తుంది. కబడ్డీలో ఎవరు అవుటో చుట్టూ నిలబడ్డ ఊరంతా చూస్తుంది. కానీ కోలాటం, యోగా, జిమ్నాస్టిక్స్, డ్రిల్లు, పిరమిడ్లు, వీటిలో మనిషే గడియారం, మనిషే టేపు. ఆ కొలత పడేది ఒక కాగితం మీద. ఆ కాగితం ఎవరికీ చూపించం. నా గొడవంతా ఆ కాగితం గురించే.

2003లో జరిగింది చెప్తాను. అప్పటికి జిల్లా మూడు ముక్కలు కాలేదు. దేవరకొండ వైపు ఒక పల్లెలో హైస్కూల్లో పని చేస్తున్నాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో పిరమిడ్ జట్టు కట్టాను. కింద ఐదుగురు, వాళ్ళ భుజాల మీద ముగ్గురు, ఆ పైన ఒక్కతి. బడిలో మ్యాట్లు లేవు. చెరువు కింద రైతుల దగ్గర వరిగడ్డి అడిగి తెచ్చి, గోనెసంచులు విప్పి కుట్టి దాని మీద పరిచేవాళ్ళం. పిల్లలు పడితే దాని మీదే పడాలి. ఇంటికి పోయేసరికి నా చీర కుచ్చిళ్ళ నిండా గడ్డి పరకలే.

పైకెక్కే పిల్ల బక్కగా ఉండేది. లేచి నిలబడే ముందు గట్టిగా ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టేది. ఆ లెక్క కింద ఉన్న పిల్లలకు వినబడాలి, వినబడకపోతే భుజాలు బిగబట్టరు. మూడు అనగానే తొమ్మిదిమంది ఒక్కసారే ఊపిరి ఆపేవాళ్ళు. నాలుగు నెలలు అదే పని. బడి విడిచాక, ఆకలితో, కొందరైతే ఇంటికి పోయి బర్రెలను తోలుకొచ్చే పని ఆపుకుని మరీ.

పోటీ రోజు పొద్దున ఐదింటి బస్సుకు వెళ్ళాం. ముగ్గురు జడ్జీలు. కాగితాలు గాలికి ఎగరకుండా మీద స్టీలు గ్లాసులు పెట్టుకున్నారు. మా పిరమిడ్ లేచింది, నిలబడింది, దిగింది. నాకు తెలిసినంతలో బాగా చేశారు. ఫలితం చెప్పారు: మాది నాలుగో స్థానం. మూడు జట్లకే కప్పులు.

సరే, నాలుగో స్థానం తప్పేం కాదు. మేం దానికే తగినవాళ్ళమేమో కూడా. కానీ ఆ పైన నిలబడే పిల్ల నా దగ్గరికి వచ్చి, "మేడం, మనం యాడ తప్పు చేసినం?" అని అడిగింది. నేను బల్ల దగ్గరికి పోయి అడిగాను. పెద్ద జడ్జి గారు కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటూ, "ఫలితం చెప్పినం గదమ్మా, ఇంక మార్కులెందుకు?" అన్నారు. మడత పెట్టేటప్పుడు ఒక్క క్షణం కాగితం అంచు కనబడింది. ఆకుపచ్చ ఇంకుతో ఒక అంకె, దాని మీద దిద్దిన ఇంకో అంకె. అది మా జట్టుదో కాదో నాకు తెలియదు. పెంచారో తగ్గించారో తెలియదు. పొరపాటు పడి సరిచేసుకున్నారేమో కూడా. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఆకుపచ్చ అంకె నా కళ్ళ ముందు నుంచి పోలేదంటే, దానికి కారణం ఆయన చెడ్డవాడని కాదు, ఆ కాగితం మడిచారు కాబట్టి.

అసలు దెబ్బ తిరుగు బస్సులో తగిలింది. మార్కులు చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, కారణం వెతుక్కుంటారు. మధ్య వరుసలో ఒక పిల్ల మోకాలు వణికిందని ఒకరన్నారు. అవును నేనూ చూసినా అని ఇంకొకరన్నారు. మల్లేపల్లి దాటేసరికి ఓడిపోయింది ఆ ఒక్క పిల్ల వల్లేనని ఎనిమిదిమందీ తీర్మానం చేసేశారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. కాదమ్మా అని చెప్పడానికి నా చేతిలో ఏముంది? ఒక్క అంకె లేదు. ఆ పిల్ల మళ్ళీ గ్రౌండుకు రాలేదు. కబడ్డీకి రమ్మన్నా రాలేదు. ఆమె మోకాలికి మార్కులు తగ్గాయో, అసలు జడ్జీలు అది చూడనే లేదో, ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఆ లెక్క పెట్టే పిల్ల ఇప్పుడు అమెరికాలో, టెక్సస్‌లో ఉంది. వాళ్ళమ్మాయి అక్కడ చీర్‌లీడింగ్ జట్టులో ఉంది. మనకు ఆ మాట వినగానే 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బౌండరీ దగ్గర ఆడినవాళ్ళే గుర్తొస్తారు. అది వేరు, ఇది వేరు. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందు నిలబడి అందరితో నినాదాలు పలికించాడు. అక్కడ మొదలైందంటారు. మొదట్లో అందరూ మగవాళ్ళే. ఇప్పుడది పోటీ ఆట. రెండున్నర నిమిషాల్లో పల్టీలు, గెంతులు, మనిషిని గాల్లోకి విసిరి పట్టుకోవడం, పిరమిడ్లు. అవును, మన పిరమిడ్లే! 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది.

ఆమె నాకు వాట్సాప్‌లో ఫోన్ చేసింది. వీడియో పంపింది. అద్భుతమైన మ్యాట్లు, లైట్లు, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కానీ మేడం, ఇక్కడ కూడా గంతే" అంది. వాళ్ళమ్మాయి వెళ్ళే పోటీల్లో కోచ్‌కు తమ జట్టు మార్కుల కాగితం మాత్రమే ఇస్తారట. పక్క జట్టుకు ఎందులో ఎంత వచ్చిందో చూపించరట. మార్కులన్నీ అందరికీ కనిపించేలా పెట్టాలా వద్దా అని తల్లిదండ్రుల మధ్య పెద్ద వాదన నడుస్తోందట. నన్ను అడిగింది, మీరేమంటారు మేడం అని. వెంటనే చెప్పాను, పెట్టాలి. తర్వాత వారం రోజులు ఆలోచించాను. పెట్టాలనే అంటున్నాను.

మన కాగితం మనకిస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. మా పిరమిడ్‌కు 8 వేశారనుకోండి. గెలిచిన జట్టుకు 8.2 వేశారా, 9.5 వేశారా? 8.2 అయితే ఇంకో నెల సాధన చేస్తే చాలు. 9.5 అయితే పిరమిడ్ అల్లికే మార్చుకోవాలి. పక్కవాళ్ళ అంకె తెలియకుండా మన అంకెకు అర్థమే లేదు.

2016 ఆగస్టు 14 రాత్రి నేను టీవీ ముందు కూర్చున్నాను. మర్నాడు పొద్దున పంద్రాగస్టు డ్రిల్లు, పిల్లల రిబ్బన్లు ఇస్త్రీ చేసుకుంటూ. రియో ఒలింపిక్స్‌లో మన త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ జిమ్నాస్టిక్స్ వాల్టు ఫైనల్. ప్రొడునోవా అనే చాలా కష్టమైన విన్యాసం చేసింది. నేల మీద కాళ్ళు ఆనినా కూర్చున్నంత పనైంది. నాలుగో స్థానం, మా పిల్లల్లాగే. కానీ దేశంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆమెకు 15.066, మూడో స్థానంలో స్విట్జర్లాండ్ అమ్మాయికి 15.216. తేడా 0.150. ఆ విన్యాసం కష్టానికి విలువ 7.0 అనీ తెలుసు, మార్కులు పోయింది చేసిన తీరులోననీ తెలుసు. ఆ రాత్రి ఎవరూ ఎవరి మోకాలి మీదా నింద వేయలేదు. ఆ అంకెలే ఆమెను కాపాడాయి. నా పిల్లను కాపాడడానికి ఏ అంకే లేకపోయింది.

చూపిస్తే సగం చూపించడం కూడా పనికిరాదు. 2002లో సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో మంచు మీద జంటల స్కేటింగ్‌లో పెద్ద రభస జరిగింది. తన మీద ఒత్తిడి తెచ్చారని ఫ్రాన్స్ జడ్జి ముందు ఒప్పుకుని, తర్వాత మాట మార్చింది. చివరికి కెనడా జంటకు కూడా బంగారు పతకం ఇచ్చారు. దాని తర్వాత స్కేటింగ్ నడిపేవాళ్ళు ఏం చేశారో తెలుసా? మార్కులు చూపిస్తూ, ఏ మార్కు ఏ జడ్జి వేశారో దాచిపెట్టారు. జడ్జీల మీద ఒత్తిడి తగ్గుతుందన్నారు. అనుమానాలు తగ్గలేదు. 2016లో ఆ దాపరికం తీసేయాలని వాళ్ళ అంతర్జాతీయ సమాఖ్యే ఓటు వేసింది.

ఇక్కడ మన వకీలు మిత్రుడొకరు ఉన్నారు, ఆయన లేచి చెప్పేలోపు నేనే చెప్తాను. 2011లో సుప్రీంకోర్టు, పరీక్ష రాసినవాడు తన జవాబు పత్రం సమాచార హక్కు కింద చూసుకోవచ్చని చెప్పింది. దిద్దినవాళ్ళ పేర్లు మాత్రం చూపక్కర్లేదంది. నిజమే, అక్కడ దిద్దేవాళ్ళు ఎక్కడో గదిలో ఉంటారు. ఇక్కడ జడ్జి మన కళ్ళ ముందే బల్ల దగ్గర కూర్చుంటాడు, మెడలో బ్యాడ్జీ ఉంటుంది. ముఖం తెలుసు, పేరు తెలుసు, ఇంక దాచేది ఆ అంకె ఒక్కటే!

అన్నల్లారా, మీలో రైతులున్నారు. ఐకేపీ సెంటర్లో ధాన్యం తేమ 17 శాతం దాటిందంటే ఆరబెట్టుకు రమ్మంటారు. మీరు ఊరికే వింటారా? మిషన్ ఇటు తిప్పు, చూపించు అంటారు. కాంటా ముల్లు చూపించు అంటారు. మన నల్లగొండలో, పాలమూరులో 2006లోనే ఉపాధి హామీ వచ్చింది. సోషల్ ఆడిట్ వాళ్ళు గ్రామసభలో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదువుతుంటే, నేను ఆ రోజు పనికే పోలేదు, నా పేరెట్లొచ్చింది అని ముసలమ్మలు లేచి అడగడం నేను చూశాను. రోజు కూలి లెక్కే నలుగురిలో చదివించుకున్నవాళ్ళం, పిల్లల నాలుగు నెలల కష్టం లెక్క ఎందుకు అడగం?

చిన్న పిల్లల మనసు నొచ్చుకుంటుందని కొందరు పీఈటీ మిత్రులంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పదేళ్ళ లోపు పిల్లలకు అసలు స్థానాలే వద్దు, వాళ్ళ కాగితం వాళ్ళకిచ్చి, ఏది బాగుందో ఏది నేర్చుకోవాలో రాసివ్వండి. ఆఖరి స్థానం జట్టు మొత్తం మార్కు మైకులో చదవొద్దు, గోడ మీద ఉంటే చాలు, కావాల్సినవాళ్ళు పోయి చూసుకుంటారు. జడ్జీలను ఫోన్లలో తిడతారంటారు, ఆ భయం నిజమే. ఫలితం వచ్చాక ఇంత సమయంలో, ఇంత ఫీజుతో, రాతపూర్వకంగానే అభ్యంతరం పెట్టాలని నియమం పెట్టండి. ప్రశ్నించడానికి ఒక దారి ఉంటే ఫోన్ దాకా పోవాల్సిన పని చాలా తగ్గుతుంది.

ఇంకొక మాట చెప్పాలి, చెప్పకుండా దిగలేను. 2012లో నన్ను ఒక పోటీకి జడ్జిగా పిలిచారు. ఇరవై రెండు జట్లు. మధ్యాహ్నానికి తల తిరిగిపోయింది. పదిహేడో జట్టు అయ్యేసరికి, నాలుగో జట్టుకు ఏ లెక్కన 7 వేశానో నాకే గుర్తులేదు. ఫలితం అయ్యాక ఒక సారు వచ్చాడు, కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. "మేడం, మా పిల్లల మార్కులు ఒకసారి చూడొచ్చా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఫలితం చెప్పాం కదా నాయనా అన్నాను. అవే మాటలు. అన్యాయం చేయలేదు నేను, పక్షపాతం చూపలేదు. భయపడ్డాను. ఆ 7కు కారణం అడిగితే నా దగ్గర లేదు. గోడ మీద అంటిస్తారని ముందే తెలిస్తే ప్రతి అంకె పక్కనా ఒక ముక్క రాసుకునేదాన్ని. ఆ సారు ఇవాళ ఈ సభలో ఉంటే, తమ్ముడూ, నన్ను క్షమించు.

తల్లులారా, మీలో ఎంతమంది పిల్లలు ఈ ఏడు ఏదో ఒక పోటీలో ఆడారు? చేతులెత్తండి. మార్కుల కాగితం చూసినవాళ్ళు మాత్రం ఎత్తిన చేయి అలాగే ఉంచండి.

చూశారా, వేదిక మీది పెద్దలూ చూడండి.

నిర్వాహకులు చీటీ పంపారు, టైం అయిపోయిందట. మధ్యాహ్నం రెండు గంటలకు ఇక్కడే కోలాటం పోటీ ఉంది, పద్నాలుగు జట్లు. వస్తూ వస్తూ నేను గడియారం స్తంభం దగ్గర పుస్తకాల షాపులో నాలుగు డ్రాయింగ్ చార్టులు, రెండు స్కెచ్ పెన్నులు కొన్నాను. గీతలు గీసే ఉంచాను: తాళం, అడుగు, వరుస, కొత్తదనం, మొత్తం. ఒక్కో జడ్జికి ఒక్కో గడి. జడ్జీలుగా కూర్చోబోయే ముగ్గురూ ముందు వరుసలోనే ఉన్నారు. మీరు ఒప్పుకుంటే, ఒక్కో జట్టు ఆడి దిగగానే మీ అంకెలు నాకు చెప్పండి. అదిగో, ఆ గోడ దగ్గర నిలబడి నేనే రాస్తాను.