పరుపుల మీద జూడో, పెదనాన్న కర్రసాము: మా డాబా వ్లాగ్

అందరికీ నమస్తే. వెనకాల వినిపిస్తున్న అరుపులు మా అమ్మవి. ఇంట్లో పరుపులన్నీ డాబా ఎక్కాయని కింద నుంచి తిడుతోంది. ఈసారి సిరిమానోత్సవానికని టొరంటో నుంచి విజయనగరం వచ్చాం. పండగైపోయింది. ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి మా పిన్ని కూతురి చేతిలో పడి లేస్తున్నాను. కెమెరా మా ఆయన చేతిలో ఉంది, ఊగితే ఆయన్నే అనండి.

అక్కడ చలికాలం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది. ఆఫీసయ్యాక పిచ్చెక్కకుండా ఉండాలని నాలుగేళ్ల కిందట ముయే థాయ్‌లో, అంటే థాయిలాండు కిక్‌బాక్సింగ్‌లో, చేరాను. అంతకుముందు ఇక్కడ స్కూల్లో చదివేటప్పుడు కరాటే. బ్రౌన్ బెల్ట్ దాకా వెళ్లి, టెన్త్ పరీక్షలని మానేశాను. మా చెల్లికి జూడో ఒక్కటే వచ్చు. నాకు రెండు వచ్చు కదా అని ధీమాగా నేనే రమ్మన్నాను.

ముందు ఈ క్లిప్ చూడండి, స్లో మోషన్‌లో పెడుతున్నాను. రెండు చేతులతో దాని మెడ వెనక పట్టుకున్నాను. ముయే థాయ్‌లో ఈ పట్టు నుంచే తల కిందికి లాగి మోకాలితో కొడతాం. మోకాలు లేపాను. అంటే ఒంటికాలి మీద ఉన్నాను. అది నా నడుం చుట్టూ చెయ్యి వేసి, నేల మీదున్న నా కాలి వెనక తన పాదాన్ని కొక్కెంలా పెట్టి లాగింది. ఆ తర్వాత నాకు కనిపించింది మా వాటర్ ట్యాంకు, దాని మీద కాకి.

ముయే థాయ్‌లోనూ పట్టుకుని తిప్పి పడేస్తారు. కానీ ఇలా వెనక నుంచి కాలు మెలేసి పడెయ్యడం, తుంటి మీద ఎత్తి విసరడం ఆ ఆటలో ఒప్పుకోరు. నాలుగేళ్లలో ఎవరూ చెయ్యలేదు కాబట్టి నా ఒంటికి ఆ భయమే లేదు. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల యుద్ధవిద్యల వాళ్లు తలపడే పోటీ) రాయిస్ గ్రేసీ అనే బ్రెజిలియన్ జుజుత్సు ఆటగాడు ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. చూడ్డానికి బక్కపల్చటి మనిషి. కిందికి తీసుకెళ్లాక ఏం చెయ్యాలో అవతలివాళ్లకి పెద్దగా తెలియదు, అంతే. నా సంగతీ అదే.

మా చెల్లి లోపాలు చెల్లికీ ఉన్నాయి. జూడో పట్టుతో మొదలవుతుంది, గుద్దులుండవు. అందుకని చొక్కా పట్టుకోడానికి రెండు చేతులూ చాపుకుంటూ, మొహం అలా వదిలేసి వచ్చేస్తుంది. నేను జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) నుదుటి మీద తాకించడం, అది చిరాకు పడడం. "మాటాడితే మొహమేనేటక్కా!" అంటుంది. ఇంకోటి గమనించాను. నేను ఎంత తన్నినా నా కాలు పట్టుకోదు. జూడో పోటీల్లో చేత్తో కాళ్లు పట్టడాన్ని 2010లో చాలావరకు, 2013లో పూర్తిగా ఆపేశారు. ఇది నేర్చుకున్నది ఆ తర్వాత, ఇక ఆ అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

ఇదంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, స్టీలు గ్లాసులో టీ ఊదుకుంటూ మా పెదనాన్న చూస్తున్నాడు. కుర్రతనంలో కర్రసాము చేసిన మనిషి. కోడి రామ్మూర్తి నాయుడు కసరత్తు నేర్చిన ఊరు మనదని, ఆయన కండబలానికి ప్రాణాయామం కలిపాడని, కలపడమంటే అదని ఒక పావుగంట చెప్పాడు (ఆ ముక్క ఎడిట్‌లో తీసేశాను, పెదనాన్నా క్షమించు). తర్వాత అసలు మాట అన్నాడు.

"ఏటే, ఇందాకట్నుంచి చూస్తన్నాను. కరాటేకి ఒకలా నిలబడతన్నావు, ఆ థాయిలాండు దానికి ఇంకోలా నిలబడతన్నావు. నువ్వేటి చెయ్యబోతన్నావో నీ కాళ్లే దానికి చెప్పేస్తన్నాయి."

వీడియో వెనక్కి తిప్పి చూశాం. నిజమే! సైడ్ కిక్‌కి ముందు ప్రతిసారీ పక్కకి తిరుగుతున్నాను. మోకాలికి ముందు ఎదురుగా నిటారుగా అవుతున్నాను. చెల్లికి ఆ అర సెకను చాలు. నేను రెండు విద్యలు కలిపాననుకున్నాను, అది అతుకుల బొంత.

బూజుకర్ర ఇచ్చి అరగంట మా ఇద్దరినీ నడిపించాడు. చేతిలో కర్ర ఎటు తిరిగినా కాళ్లు ఒకదాన్నొకటి దాటకూడదు. గుద్దు లేదు, తన్ను లేదు. బోరు కొట్టింది, అబద్ధం ఎందుకు.

ఆ తర్వాత సైడ్ కిక్ మానేశాను. చిన్నప్పుడు దానికే కప్పు వచ్చింది, ప్రాణం ఒప్పుకోలేదు, అయినా మానేశాను. కరాటేలో ఇంకోటి మాత్రం అనుకోకుండా దొరికింది. ఒక చేత్తో గుద్దుతూ రెండో పిడికిలిని నడుం దగ్గరికి లాక్కోవడం, హికితే అంటారు. స్పారింగ్‌లో, అంటే ఇద్దరూ ఎదురెదురుగా ఆడే ప్రాక్టీసులో, అలా లాగితే మొహం ఖాళీ అయిపోతుంది. అందుకని ముయే థాయ్‌లో చేరగానే మాన్పించారు. ఇప్పుడు జాబ్ వేస్తే చెల్లి చెయ్యి అడ్డం పెడుతుంది కదా, నా చెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే దాని మణికట్టు మీదికి జార్చి, పట్టుకుని, నడుం దగ్గరికి లాగాను. పిల్ల ముందుకి తూలింది. దాని బరువు బొటనవేళ్ల మీదికి వచ్చాకే మోకాలు లేపాను, పొట్టకి తాకించి వదిలేశాను. ఆరుసార్లలో కుదిరింది ఒక్కసారే, మిగతా ఐదుసార్లూ కాకిని చూశాను.

ఇది పెద్ద గ్లవ్స్‌తో కుదరదు, వేళ్లు బయటికుండేవి కావాలి. మొహానికి తాకించడమే తప్ప కొట్టడం లేదు. పరుపులు మాత్రం మీరు వాడొద్దు. బూరుగు దూదిలో పాదం దిగబడి, ఒళ్లు తిరిగినా మడమ తిరగదు, మోకాలు మెలిపడుతుంది. రెండు పరుపుల మధ్య సందులో పడి నా మోచెయ్యి గీరుకుపోయింది కూడా.

ఆఖరి క్లిప్. చెల్లి ఎప్పట్లా చేతులు చాపుతుందని చూస్తున్నాను. చాపలేదు. నా ముక్కు మీద టక్కున జాబ్ తాకించింది, జీవితంలో మొదటిది! నేను చెయ్యెత్తేసరికి ఆ మణికట్టే పట్టుకుని, నడుం దగ్గరికి లాగి, తుంటి మీదుగా తిప్పేసింది. పెదనాన్న టీ గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు.

ఆ టప్‌మన్న చప్పుడు నాది కాదు, పరుపు కుట్టు విడిపోయింది. దూది డాబా అంతా ఎగురుతోంది. మెట్ల మీద అమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, మా ఆయన కెమెరా ఆపేస్తున్నాడు.