సోర్న్‌లో ఉన్న కారును ఎం.ఓ.టి.కి నడిపి తీసుకెళ్లవచ్చా? బ్రిటన్ నిబంధనల సమీక్ష

నమస్కారం. కొన్ని నెలల పాటు హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లి రావాల్సిన తెలుగువారు బ్రిటన్‌లోని తమ కారును సోర్న్ చేసి బయలుదేరడం మామూలే. సోర్న్ అంటే వాహనాన్ని రోడ్డు మీద వాడడం లేదని, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకు అధికారికంగా తెలియజేయడం. అలా చేస్తే, కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన పూర్తి నెలల సొమ్ము వెనక్కి వస్తుంది. లైఫ్ ట్యాక్స్ ఒకేసారి కట్టేసి మరిచిపోవడానికి అలవాటుపడిన మనకు ఇది కొత్తగా అనిపించినా, మంచి సదుపాయమే. చిక్కంతా తిరిగి వచ్చాక మొదలవుతుంది. ఈలోగా ఎం.ఓ.టి., అంటే వాహనం రోడ్డు మీద నడపడానికి తగినదేనని ఏటా చేయించే పరీక్ష, గడువు తీరిపోయి ఉంటే, అది లేనిదే ట్యాక్స్ కట్టనివ్వరు, ట్యాక్స్ లేనిదే కారు రోడ్డెక్కకూడదు, రోడ్డెక్కనిదే పరీక్ష కేంద్రానికి చేరలేదు. ఈ ముడిని విప్పడానికి చట్టంలో ఒక మినహాయింపు ఉంది. దాన్ని ఎంతవరకు నమ్ముకోవచ్చో ఈ వీడియోలో పరిశీలిద్దాం. ఉత్తర ఐర్లండ్‌లో పరీక్షల ఏర్పాటు వేరు కాబట్టి, నేను చెప్పేది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకే పరిమితం.

ట్యాక్స్‌కు సంబంధించిన మినహాయింపు 1994 నాటి వాహన ఎక్సైజ్, రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ముందుగా ఖరారు చేసుకున్న తేదీన, ఖరారు చేసుకున్న సమయానికి వాహనాన్ని పరీక్షకు తీసుకెళ్లడానికి, అక్కడి నుంచి తిరిగి తీసుకురావడానికి మాత్రమే రోడ్డును వాడుకుంటున్నప్పుడు ట్యాక్స్ లేకపోవడం నేరం కాదు. ఎం.ఓ.టి. సర్టిఫికెట్ లేకపోవడానికి 1981 నాటి నిబంధనలు ఇలాంటి వెసులుబాటే ఇచ్చాయి. ప్రయాణానికి వేరే పని ఏదైనా తోడైతే ఆ రక్షణ పోతుంది, సోర్న్‌లో ఉన్న వాహనాన్ని రోడ్డు మీద వాడినందుకు కోర్టులో 2,500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. దారిలో పిల్లలను బడి దగ్గర దించినా, సూపర్‌మార్కెట్‌లో ఆగినా అది పరీక్ష కోసం చేసిన ప్రయాణం అనిపించుకోదు. పెట్రోల్ బంకు దగ్గర ఆగడం కూడా వాదనకు తావిస్తుంది కనుక, ముందురోజే డబ్బాలో తెచ్చి పోసుకోవడం మేలని నా అభిప్రాయం.

పరీక్ష కేంద్రం ఇన్ని మైళ్లలోపే ఉండాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. అయినా ఇంటి చుట్టుపక్కల ఎన్నో గ్యారేజీలు ఉండగా, బంధువుల ఊరిలో బుక్ చేసుకుని వంద మైళ్లు నడిపితే, ఆ ప్రయాణం పరీక్ష కోసమేనని పోలీసులను నమ్మించడం కష్టం.

బుకింగ్ విషయంలో మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది ఒకటుంది. గ్యారేజీ వారు ఫోన్‌లో "ఉదయం ఎప్పుడైనా తీసుకురండి, చూస్తాం" అంటే, చట్టం అడిగే నిర్ణీత సమయం అందులో లేదు. కారు నంబరు, తేదీ, సమయం ఉన్న ఈమెయిల్ గానీ మెసేజ్ గానీ తెప్పించుకుని ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోవాలి. రోడ్డు పక్కనున్న ఏఎన్‌పీఆర్ కెమెరా నంబరు చదివి, ఈ వాహనానికి ట్యాక్స్ లేదని చెప్పగలదు గానీ, పది గంటలకు మీకు అపాయింట్‌మెంట్ ఉందన్న సంగతి దానికి తెలియదు. ఈ మినహాయింపులో నాకు నచ్చనిది ఇదే. తప్పు లేని మనిషి కూడా ఆగి వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇన్సూరెన్స్ గురించినది. కారు సోర్న్‌లో కదలకుండా ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ లేకపోయినా ఫరవాలేదు, కాబట్టి చాలామంది ఊరికి వెళ్లేముందు పాలసీని రద్దు చేసుకుంటారు. పరీక్షకు వెళ్లే ప్రయాణానికి మాత్రం 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ఈ విషయంలో ఏ సడలింపూ ఇవ్వలేదు. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 6 పాయింట్లు పడతాయి, కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకునే అధికారం కూడా పోలీసులకు ఉంది. బ్రిటన్‌లో మొదటిసారి డ్రైవింగ్ టెస్ట్ పాసై రెండేళ్లు నిండనివారికి ఆ 6 పాయింట్లతో లైసెన్సే రద్దవుతుంది, మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్స్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. పాలసీ ఉన్నవారు కూడా ట్యాక్స్, ఎం.ఓ.టి. లేని కారును పరీక్షకు నడపడానికి అది వర్తిస్తుందా అని కంపెనీని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

కారు నడపదగిన స్థితిలో ఉండాలన్న బాధ్యత కూడా మీదే. ప్రమాదకర స్థితిలో ఉన్న వాహనాన్ని నడిపితే 2,500 పౌండ్ల వరకు జరిమానా, 3 పాయింట్లు ఉంటాయి, పరీక్షకే వెళ్తున్నానన్న సమాధానం అక్కడ పనికిరాదు. నెలల తరబడి నిలిచిన కారులో బ్యాటరీ కంటే ముందు బ్రేకులు, టైర్లు చూడాలి. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు టైరు లోపలి అంచు కనిపిస్తుంది. పగుళ్లు ఉన్నాయా, గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది. బ్రేక్ డిస్క్ మీద పైపైన పట్టిన తుప్పు కొద్ది దూరానికే అరిగిపోతుంది గానీ, హ్యాండ్‌బ్రేక్ పట్టేసి చక్రం కదలకపోతే ఇంటి ఆవరణ దాటకుండా ట్రక్కు మీద పంపడమే సరైనది. అద్దం కడిగే నీళ్లు లేక ఫెయిలైతే అంతకంటే చిన్నతనం లేదు, ఆ సీసా నింపండి.

కేంద్రాన్ని ఎంచుకోవడంలో నా సలహా కాస్త భిన్నంగా ఉంటుంది. మరమ్మతులు చేయకుండా పరీక్ష మాత్రమే చేసే కౌన్సిల్ కేంద్రాలకు లేనిపోని లోపాలు చూపించే అవసరం ఉండదని చాలామంది వాటినే ఇష్టపడతారు, మామూలు కారుకైతే నేనూ అదే చెబుతాను. సోర్న్ కారు అక్కడ ఫెయిలైతే మాత్రం ఇరుక్కుపోతారు. ఫెయిలైన వాహనాన్ని ముందుగా ఏర్పాటు చేసుకున్న మరమ్మతు స్థలానికి తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ 2018 నుంచి అమలులో ఉన్న వర్గీకరణలో లోపం 'డేంజరస్' కింద నమోదైతే బాగుచేసేవరకు నడపకూడదు. కాబట్టి మరమ్మతులు కూడా చేసే గ్యారేజీకి వెళ్తే, కారును అక్కడే వదిలి, పది పనిదినాలలోపు పాక్షిక పునఃపరీక్షను ఉచితంగా చేయించుకోవచ్చు. అలా వదిలేటప్పుడు కారును తమ ఆవరణలోనే ఉంచుతారా అని అడగండి, ఎందుకంటే సోర్న్ కారును వీధిలో నిలిపి ఉంచడం కూడా నేరమే.

పాసైతే నేరుగా ఇంటికి వెళ్లవచ్చు. అంతకంటే తెలివైన పని, వీ5సీ లాగ్‌బుక్‌ను, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రాన్ని, వెంట తీసుకెళ్లి, ఫలితం ఆన్‌లైన్‌లో నమోదవగానే గ్యారేజీలో కూర్చునే అందులోని 11 అంకెల నంబరుతో ట్యాక్స్ కట్టేయడం. ట్యాక్స్ కట్టిన వెంటనే సోర్న్ దానంతటదే రద్దవుతుంది, కాగితపు డిస్క్ 2014లోనే పోయింది కనుక అద్దానికి అంటించాల్సిందేమీ లేదు, అక్కడి నుంచి సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా అడిగేవారుండరు.