డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని గోల్‌కీపర్

[తెర మీద: గోల్‌పోస్ట్, క్రాస్‌బార్ పైన గాల్లో తిరుగుతున్న బంతి]

2013. అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. అయోనా జట్టు ఆటగాడు కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కి తగిలి పైకి లేచింది. ఫెయిర్‌ఫీల్డ్ గోల్‌కీపర్ దాన్నే చూస్తూ ముందుకొచ్చాడు. చిన్నపిల్లలైనా పట్టేస్తారనిపించే బంతి. అందుకోబోయాడు, చేతుల్లోంచి జారింది, సొంత గోల్‌లోకి వెళ్లిపోయింది.

స్పోర్ట్స్ ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఆ క్లిప్‌ని చెత్త ఆటల జాబితాలో వేసి దేశమంతా చూపించింది. ఆ కుర్రాడు అప్పుడు రెండో సంవత్సరం విద్యార్థి. పేరు మ్యాట్ టర్నర్.

[తెర మీద: న్యూజెర్సీ మ్యాప్]

ఇతను చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాడు. గ్లవ్స్ వేసుకున్నది హైస్కూల్లో, 14 ఏళ్లప్పుడు. యూరప్ క్లబ్బుల్లో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలే అకాడమీల్లో చేరిపోతారు. అంటే ఇతను మొదలుపెట్టడమే ఐదారేళ్లు ఆలస్యం.

2010 జూన్ 23న ప్రపంచకప్‌లో అల్జీరియా మీద అమెరికా చివరి క్షణాల్లో గోల్ కొట్టి గెలిచింది. మర్నాటికి టర్నర్‌కి 16 నిండాయి. ఆ ప్రపంచకప్ చూశాకే ఇతనికి ఈ ఆట పిచ్చి బాగా పట్టింది.

ఇప్పుడు కాలేజీ సంగతి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరుకల్లా అయిపోతుంది. మొత్తం కలిపితే ఇరవై మ్యాచ్‌లు, అటూ ఇటూ. అదే వయసులో ప్రొఫెషనల్ క్లబ్‌లో ఉన్న కుర్రాడు ఏడాది పొడవునా ప్రాక్టీస్‌లోనే ఉంటాడు. ఆ తేడా పూడ్చుకోవడానికే కాలేజీ కుర్రాళ్లు వేసవి లీగ్‌లలో ఆడతారు. టర్నర్ కూడా జెర్సీ ఎక్స్‌ప్రెస్ అనే జట్టుకి ఆడాడు.

కాలేజీ అయ్యాక దారి డ్రాఫ్ట్. అప్పట్లో జనవరిలో మేజర్ లీగ్ సాకర్ (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బులు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ల పేర్లు పిలిచేవి. 2016లో 4 రౌండ్లు జరిగాయి. టర్నర్ పేరు ఒక్కరూ పిలవలేదు. ఐపీఎల్ వేలంలో అన్‌సోల్డ్ అయిన కుర్రాడి ముఖం గుర్తుచేసుకోండి, ఆ బాధ మనకి తెలిసిందే.

ఆ లీగ్‌లోని న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ క్లబ్ మాత్రం ట్రయల్‌కి రమ్మంది. వెళ్లాడు, కాంట్రాక్టు సంపాదించాడు.

[తెర మీద: బెంచీ మీద కూర్చున్న గోల్‌కీపర్]

కాంట్రాక్టు వచ్చింది కదా, ఇక ఆడటమే అనుకుంటాం. గోల్‌కీపర్‌కి అలా కుదరదు. ఫార్వర్డ్‌ని 80వ నిమిషంలోనైనా దింపుతారు. గోల్‌కీపర్ స్థానం ఒక్కటే. మొదటివాడికి దెబ్బ తగిలితేనో, ఫామ్ పోతేనో తప్ప రెండోవాడికి చోటు ఉండదు. మూడోవాడైతే వారమంతా ప్రాక్టీస్‌లో షాట్లు ఆపి, మ్యాచ్ రోజు బట్టలు మార్చుకుని స్టాండ్స్‌లో కూర్చోవాలి. నాకైతే ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన ఉద్యోగం ఇదే అనిపిస్తుంది.

అందుకే క్లబ్బులు కుర్ర కీపర్లని కింది లీగ్‌కి లోన్ మీద పంపుతాయి. టర్నర్ 2016, 2017లో రిచ్‌మండ్ కిక్కర్స్‌కి ఆడాడు. పెనాల్టీ బాక్స్‌లో ఎప్పుడు ముందుకు రావాలి, ఎప్పుడు లైన్ మీదే ఆగాలి అనేది ప్రాక్టీస్‌లో సగమే వస్తుంది. మిగతా సగం ఓడిపోతే నిజంగా బాధపడే మ్యాచ్‌లలోనే వస్తుంది.

2018కి రెవల్యూషన్‌కి కొత్త కోచ్ వచ్చాడు, బ్రాడ్ ఫ్రీడెల్. ఆయనా గోల్‌కీపరే, ఆయనా కాలేజీ నుంచి వచ్చినవాడే, యూసీఎల్ఏలో చదివాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో వరసగా 310 మ్యాచ్‌లు ఆడాడు. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌కి ఆయన టర్నర్‌ని దింపాడు. ఫిలడెల్ఫియా చేతిలో 2-0తో ఓడారు. అయినా టర్నర్‌ని పక్కన పెట్టేయలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. 2021 జనవరి 31న దేశం తరఫున మొదటి మ్యాచ్, ట్రినిడాడ్ మీద ఒక పెనాల్టీ ఆపాడు. అదే ఏడాది ఉత్తర అమెరికా ప్రాంత దేశాల టోర్నీ గోల్డ్ కప్‌లో 6 మ్యాచ్‌లకి జట్టు ఇచ్చిన గోల్ ఒక్కటే. లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు కూడా ఆ ఏడాదే. 2022లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ కొనుక్కుంది.

[తెర మీద: ఖతార్, 2022]

నవంబరు 25. ప్రపంచకప్‌లో అమెరికా, ఇంగ్లండ్ మ్యాచ్. అమెరికా గోల్‌లో టర్నర్. 0-0తో ముగిసింది.