కుర్చీ తీసెయ్, పిల్లాణ్ని కాదు: ఇంట్లో పుట్టినరోజు ఆటలు

చెల్లి: అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మావాడికి ఆరేళ్లు నిండుతున్నాయి. ఫంక్షన్ హాలూ లేదు, యాంకరూ లేదు. ఇంట్లోనే, ఎనిమిది మంది పిల్లలతో. అందుకే ఇవాళ మా అక్కని మైకు ముందు కూర్చోబెట్టాను. అక్కా, మ్యూజికల్ చైర్స్, పాసింగ్ ద పార్సిల్, హౌసీ, లెమన్ అండ్ స్పూన్, డాన్స్...

అక్క: ఆగవే! రెండు గంటల పార్టీకి మూడు ఆటలు చాలు. అయినా ఎన్ని ఆటలన్నది కాదు, ఔటైన పిల్లాడు ఏం చేస్తాడో అది చూసుకో. ఎనిమిది మందితో కుర్చీలాట పెడితే, మొదట ఔటైనవాడు ఇంకో ఆరు రౌండ్లు చూస్తూ కూర్చోవాలి. ఆరేళ్లవాడు కూర్చుంటాడా? చిప్స్ గిన్నె మీద పడతాడు, లేదంటే స్పీకర్ వైరు పీకుతాడు.

చెల్లి: అయితే ఆ ఆట వద్దంటావా?

అక్క: పెట్టు. కాకపోతే కుర్చీ తీసెయ్, పిల్లాణ్ని తియ్యకు. పాట ఆగగానే మిగిలినవాటి మీదే అందరూ సర్దుకోవాలి. చివరికి ఒక్కదాని మీద ఎనిమిది మంది! ప్లాస్టిక్ కుర్చీలైతే విరుగుతాయి, చాప పరిచి దిండ్లు వెయ్యి.

చెల్లి: ఆ గోలకి కింది ఫ్లాటువాళ్లు పైకొచ్చేస్తారు.

అక్క: అందుకే వెంటనే ముక్కుగిల్లుడు ఆడించు. చప్పుడు చేస్తే ఓడిపోయే ఆట అది. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి, జట్టుకో పెద్ద. పెద్దలు తమ పిల్లలకి చెవిలో దొంగపేర్లు పెడతారు. మా రోజుల్లో మల్లెపువ్వు, జామకాయ అనేవాళ్లం. నువ్వు పిజ్జా, పానీపూరీ అని పెట్టుకో. అవతలి జట్టు పిల్లాడి కళ్లు మూసి, "పానీపూరీ, రా!" అని పిలవాలి. ఆ పిల్ల అడుగు చప్పుడు కాకుండా వచ్చి, వాడి ముక్కు మెల్లగా గిల్లి, వెనక్కెళ్లి కూర్చుంటుంది. అందరూ తలలు వంచేస్తారు. కళ్లు తెరిచినవాడు గిల్లిందెవరో చెప్పాలి.

చెల్లి: నవ్వాపుకోలేక నేనే దొరికిపోయేదాన్ని కదూ!

అక్క: నువ్వు గోళ్లతో గిల్లేదానివి కూడా. పిల్లలకి ముందే చెప్పు, ముక్కు తాకితే చాలని.

చెల్లి: మరి నాలుగు స్తంభాలాట? మూలలు నాలుగే కదా.

అక్క: గోడలకి ఏడు రంగు కాగితాలు అతికించు, ఏడు స్తంభాలు. ఎనిమిదోవాడు దొంగ. కానీ పరుగుల ఆట కేకుకి ముందే అయిపోవాలి. తిన్నాక పరిగెత్తిస్తే సోఫా మీదే కక్కుతారు. ఇంకోటి, బెలూన్ పగిలితే ముక్కలు వెంటనే ఏరెయ్యి. నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. ఊదని బెలూన్లూ పిల్లల చేతికి ఇవ్వకు.

చెల్లి: ప్రైజుల సంగతేంటి? మావాడు ఓడిపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు.

అక్క: ప్రైజులెందుకు? రిటర్న్ గిఫ్టులు ఎలాగూ ఇస్తున్నావుగా. గెలుపోటముల ఆట ఏదైనా ఉంటే కేకు కోశాకే పెట్టు, లేదంటే ఫొటోలన్నీ ఏడుపు మొహాలే.

చెల్లి: సరే, ఆదివారం నాలుగింటికల్లా వచ్చెయ్. రెండో జట్టుకి పెద్దవి నువ్వే.

అక్క: వస్తాలే. కేకు ఎగ్‌లెస్సేనా? మా అత్తగారినీ తీసుకొస్తున్నాను.